గొత్తికోయ గుంపుల్లో వైకల్యం ఉన్న పిల్లలకు ఏం చేయాలి? వీల్‌చైర్ కొనేముందు ఇవి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక ఏజెన్సీ మండలానికి ఈ మధ్యే టీచర్‌గా వచ్చారు. స్కూలుకు కొంత దూరంలో, అడవి అంచున, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గొత్తికోయ గిరిజనుల గుంపు, అంటే చిన్న పల్లె, ఉంది. అక్కడ నడవలేని బాబు ఒకడు, ఫిట్స్ వచ్చే పిల్లాడు ఇంకొకడు, మాట రాని పాప ఒకతి మీకు కనిపించారు. స్నేహితులంతా కలిసి డబ్బు పోగు చేస్తున్నారు. వీల్‌చైర్లు కొనాలా, హైదరాబాద్ తీసుకెళ్లి పెద్ద డాక్టర్లకు చూపించాలా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. వీల్‌చైర్ ఇప్పుడే కొనకండి. ఫిట్స్ వచ్చే పిల్లాడిని ఈ వారంలోనే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి, అది ఆగే పని కాదు. నడవలేని బాబుకు అన్నం ఎలా పెడుతున్నారో చూడండి. మాట రాని పాప చెవులు చూపించండి. మిగతాదంతా ఆ తర్వాతే. పోగైన డబ్బును ఆటో చార్జీలకు, ఆసుపత్రికి వెళ్లిన రోజు ఆ తల్లి పోగొట్టుకునే కూలికి, అక్కడ తిండికి దాచిపెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, మీలో ఒక్కరు, ప్రతి నెలా అదే మనిషి, ఆ గుంపుకు వెళ్లాలి. ఇన్నేళ్ల పనిలో నాకు గట్టిగా తెలిసింది ఇదే. ఈ పిల్లల బతుకు మార్చేది వస్తువు కాదు, మళ్లీ మళ్లీ వచ్చే మనిషి.

నేను ఫిజియోథెరపిస్టుని. భద్రాచలం ఏజెన్సీలో, వాగుకు అటూ ఇటూ ఉన్న మండలాల్లో చాలా ఏళ్లుగా పిల్లలతోనే పని. కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ ఈ ప్రాంతానికి సరిపడే మాటలు.

ముందు వాళ్లెవరో, ఎందుకొచ్చారో తెలుసుకోవాలి. 2005లో బస్తర్‌లో సల్వా జుడుం (మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దళం) మొదలయ్యాక అప్పటి దంతెవాడ జిల్లాలో (ఇప్పటి సుక్మా, బీజాపూర్ కూడా అందులోవే) ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఒకవైపు మావోయిస్టులు, ఇంకోవైపు జుడుం, బలగాలు. మధ్యలో నలిగిన కుటుంబాలు వేల సంఖ్యలో సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చేశాయి. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా చేసి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ వచ్చినవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లలేదు. ఇవాళ చర్ల, దుమ్ముగూడెం, పినపాక, ములుగు జిల్లా తాడ్వాయి, వెంకటాపురం, ఆంధ్ర వైపు చింతూరు, కూనవరం, ఏటపాక మండలాల్లో కనిపించే గుంపుల్లో చాలా వరకు అలా ఏర్పడినవే.

ఆ చరిత్ర మీ పనికి ఎందుకంటే, మీరు చూస్తున్న పిల్లలు ఇక్కడే పుట్టి ఉంటారు. భయం మాత్రం వాళ్ల అమ్మానాన్నలతో పాటు వచ్చింది. కాగితం, పెన్ను పట్టుకుని ఎవరొచ్చినా ఖాళీ చేయించడానికే వచ్చారనుకుంటారు. పోడు గొడవల్లో గుడిసెలు పీకేయడం వాళ్లు చూశారు. 2025 వేసవిలో కర్రెగుట్టల దగ్గర మావోయిస్టుల మీద బలగాల పెద్ద ఆపరేషన్ జరిగినప్పుడు హెలికాప్టర్ల చప్పుడుకు పిల్లలు కాదు, ముందు పెద్దవాళ్లు వణికిపోయారు. కాబట్టి మొదటిసారి వెళ్లినప్పుడు లిస్టు రాయకండి. ఫొటో తీయకండి. "మీది ఏ ఊరు, ఎందుకొచ్చారు" అని అడగనే అడగకండి. గుంపు పెద్దను కలవండి, ఫలానా స్కూలు టీచర్నని చెప్పండి, పిల్లలతో కాసేపు కూర్చుని వచ్చేయండి. మీరు వెళ్తున్న సంగతి సర్పంచ్‌కు, అంగన్‌వాడీ టీచర్‌కు, ఏఎన్ఎంకు తెలిసే ఉండాలి. దాచి చేసే పనిలా అసలు కనిపించకూడదు. నడిచే దారి కూడా ఊరివాళ్లు రోజూ నడిచేదే ఉండాలి. సరిహద్దు అడవుల్లో ప్రెషర్ బాంబుల భయం ఉంది, దగ్గరి దారి అని కొత్త బాట పట్టొద్దు.

"మీ గుంపులో వికలాంగ పిల్లలున్నారా?" అని అడిగితే "లేరు" అనే జవాబు వస్తుంది. సిగ్గు కొంత, భయం కొంత, ఆ మాటే వాళ్లకు అర్థం కాకపోవడం ఇంకొంత. యూనిసెఫ్ 2021లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు 24 కోట్ల మంది పిల్లలకు ఏదో ఒక వైకల్యం ఉంది, అంటే పదిమందిలో ఒకరికి. నలభై మంది పిల్లలున్న గుంపులో ఒక్కరూ లేరని రిజిస్టర్‌లో రాసి ఉంటే, ఎవరూ సరిగ్గా అడగలేదనే అర్థం. అడిగే పద్ధతి మార్చండి. ఈడు పిల్లలతో సమానంగా నడుస్తాడా? వెనక నుంచి పిలిస్తే తిరుగుతుందా? చెప్పింది అర్థం చేసుకుంటుందా? చీకటి పడితే తడుముకుంటుందా? తన ముద్ద తను తింటుందా? ఇలా పనుల గురించి అడిగితే తల్లులు విప్పి చెప్తారు. "వీడొక్కడే సంతకు నడవలేడు, మోసుకుపోవాలి" అని ఒక తల్లి అంటే మీకు కావాల్సిన సమాచారం దొరికినట్టే. ఎక్కువగా కనబడని పిల్లలు ఇద్దరు రకాలు. ఇంటి వెనక మంచం మీద ఉండిపోయేవాళ్లు ఒకరు. బయటికి మామూలుగానే ఉండి, వినికిడి తక్కువైన వాళ్లు రెండో రకం.

ఇప్పుడు మీరు చూసిన ముగ్గురి సంగతికి వద్దాం.

ఫిట్స్. ఈ ప్రాంతంలో ఫిట్స్‌కు కారణాలు చాలా ఉంటాయి. ఇంటి కాన్పులో బిడ్డ వెంటనే ఏడవకపోవడం, పసితనంలో తీవ్రమైన కామెర్లు, మెదడుకెక్కిన మలేరియా, మెదడువాపు. కారణం ఏదైనా మందులు పీహెచ్‌సీ ద్వారానో భద్రాచలం ఏరియా ఆసుపత్రి ద్వారానో మొదలుపెట్టించొచ్చు, హైదరాబాద్ దాకా వెళ్లక్కర్లేదు. కష్టమంతా ఆ తర్వాతే. మందు మొదలయ్యాక రెండు నెలలు ఫిట్స్ రాకపోతే తగ్గిపోయిందనుకుని ఆపేస్తారు. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. నేను చూసిన ఒక పిల్లాడికి మందు బాగానే పనిచేసింది. జనవరిలో ఇంటిల్లిపాదీ మిర్చి కోతకు వేరే మండలం వెళ్లి కళ్లం దగ్గరే పాక వేసుకున్నారు, మందు సీసా ఇంట్లోనే ఉండిపోయింది. అక్కడే ఫిట్స్ తిరగబెట్టి, నిప్పుల పొయ్యి పక్కన పడి చెయ్యి కాలింది. అప్పటి నుంచి నేను మందు రాయించేటప్పుడే డాక్టర్‌గారికి వీళ్ల పనుల క్యాలెండర్ చెప్తాను. జనవరి నుంచి మిర్చి, మార్చిలో ఇప్పపువ్వు, ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. ఎప్పుడెప్పుడు ఇంట్లో ఉండరో దాన్నిబట్టి మందు ఎక్కువ రోజులకు ఇప్పించుకోవాలి.

ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలో గుంపులో అందరికీ చూపించండి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా గానీ గుడ్డ గానీ పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. చేతిలో తాళంచెవులు పెట్టడం మన ఊళ్లలోనూ ఉన్నదే, దాంతో ఫిట్స్ ఆగవు. పొయ్యి, నీళ్లు, గట్లు ఉన్నచోటు నుంచి దూరంగా జరపాలి. అయిదు నిమిషాలు దాటినా, మెలకువ రాకుండానే మళ్లీ వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాలి. వడ్డె (గుంపులో పూజలు చేసే మనిషి) దగ్గర పూజ చేయిస్తామంటారు. పూజ మానమని చెప్పకండి, మాత్ర మానొద్దని చెప్పండి. వడ్డెకు కూడా అదే మాట చెప్పండి. నాకు తెలిసిన గుంపుల్లో ఆయనే "మాత్ర వేశారా" అని అడిగే స్థాయికి వచ్చిన చోట పిల్లలు బాగున్నారు.

నడవలేని బాబు. చూడకుండా నేను రోగం పేరు చెప్పను. మీరు రాసినదాన్నిబట్టి, అంటే కాళ్లు బిగుసుకుపోవడం, మెడ నిలవకపోవడం, చొంగ కారడం, సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పడం) కావచ్చు. అదే అయితే అతనికి ఇప్పుడున్న పెద్ద గండం నడక కాదు, ఊపిరితిత్తులు. ఈ పిల్లలను పడుకోబెట్టి గంజి పోస్తారు, అది గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఏడాదికి నాలుగైదు సార్లు నిమ్ము చేస్తుంది. ఒక వానాకాలంలో ఆ నిమ్ముతోనే పోతారు. గుంపులో "దేవుడు తీసుకుపోయాడు" అనుకుంటారు. ఇది ఆపగలిగిన చావు.

కాబట్టి మీరు తల్లికి నేర్పగల మొదటి ఫిజియోథెరపీ అన్నం పెట్టడమే. బాబును నిటారుగా కూర్చోబెట్టాలి, వెన్నుకు ఆనుడు ఉండాలి. తల వెనక్కి వాలకూడదు, కొంచెం ముందుకు వంగి ఉండాలి. నోటికి ఎదురుగా, కంటి ఎత్తులోనో కొంచెం కిందనో ఉండి చిన్న చెంచాతో పెట్టాలి. ఒకటి మింగాకే రెండోది. పల్చటి గంజి కన్నా మెత్తగా, ముద్దగా ఉన్నది మింగడం సులువు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం వేడినీళ్లతో చిక్కగా కలిపినా, ఉడికిన గుడ్డు పప్పులో మెదిపినా సరిపోతుంది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. దగ్గొస్తుంటే ఆపాలి. ఇంతే. దీనికి డబ్బు అక్కర్లేదు, కానీ పక్కన కూర్చుని చేయించాలి. నోటితో చెప్పి వచ్చేస్తే జరగదు.

కూర్చోబెట్టడానికి కుర్చీ కావాలి. చర్ల వైపు ఒక గుంపులో నాలుగేళ్ల బాబు రోజంతా నులక మంచం మీదే ఉండేవాడు. రెండు పలకలు మూలగా కలిసేలా, ముందు చిన్న బల్ల ఉండేలా మూల కుర్చీ బొమ్మ నేల మీద పుల్లతో గీసి వాళ్ల నాన్నకు చూపించాను. వారం తర్వాత వెళ్లేసరికి ఆయన వెదురు చీల్చి, నార తాడుతో అల్లి కుర్చీ చేసేశాడు. నేను గీసిన దానికంటే మేలుగా చేశాడు. కాళ్లు దగ్గరికి ముడుచుకుపోకుండా మధ్యలో గుండ్రటి దుంగ ముక్క పెట్టాడు, దాని మీద పాత చీర చుట్టాడు. నడుముకు కట్టే పట్టీ కూడా ఆ చీర ముక్కే. దాని మీద కూర్చున్నాకే ఆ బాబు మొదటిసారి వాకిట్లో కోళ్లను చూస్తూ గంట సేపు ఉన్నాడని వాళ్ల నానమ్మ చెప్పింది. ఆ తండ్రి ఆ తర్వాత పక్క గుంపులోని పాపకు కూడా ఒకటి చేసిపెట్టాడు.

అదే ఇంటికి ఎవరైనా పెద్దసైజు ఆసుపత్రి వీల్‌చైర్ తెచ్చి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, చాలాచోట్ల చూశాను. ఒదులుగా ఉన్న సీట్లో పిల్లాడు పక్కకు ఒరిగిపోతాడు, వెన్ను వంకరవుతుంది, తుంటి దగ్గర పుండ్లు పడతాయి. ఇసుక బాటలో చక్రాలు కదలవు. చివరికి దాని మీద వడ్లు ఆరబోస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. కొలతలు తీసుకుని, బాబు వయసుకు సరిపడేది, అలింకో (దివ్యాంగుల పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) శిబిరాల ద్వారా ఉచితంగానే వస్తుంది. అది రావడానికి టైం పడుతుంది కాబట్టే మూల కుర్చీతో మొదలుపెట్టమంటున్నాను.

పాదం లోపలికి తిరిగి పుట్టిన పిల్లలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. వంకర పాదానికి పొన్సెటీ పద్ధతిలో వారం వారం పిండికట్టు మారుస్తూ పాదాన్ని సరిచేస్తారు. సాధారణంగా అయిదారు కట్లు, మడమ వెనక కండర తాడుకు చిన్న కోత, తర్వాత బూట్ల పట్టీ. పుట్టిన కొన్ని వారాల్లో మొదలుపెడితే చాలా బాగా వస్తుంది, పెద్దయ్యాక వచ్చినవాళ్లకు కూడా మేలు ఉంటుంది. కట్లు పూర్తయ్యాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు, అసలు పరీక్ష అప్పుడే. బూట్ల పట్టీ మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, తర్వాత నాలుగైదేళ్ల వయసు దాకా రాత్రుళ్లు వేయాలి. మానేస్తే పాదం మళ్లీ తిరుగుతుంది. నెలనెలా వెళ్లే మనిషి ఎందుకని అడిగేవాళ్లకు నేను చూపించేది ఇదే.

మాట రాని పాప. ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి, టీచర్ కాబట్టి ఇంకా ఎక్కువ. ఈ పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు. స్కూల్లో తెలుగు. "ఈ పాపకు ఏమీ అర్థం కాదు" అని రిజిస్టర్లో బుద్ధిమాంద్యం కింద రాసేసిన పిల్లలను నేను కలిశాను. ఒక పాపతో వాళ్ల మేనత్తను పక్కన పెట్టుకుని కోయలో మాట్లాడిస్తే, ఎండిన పుల్లలు, పచ్చి పుల్లలు వేరు చేసింది, అయిదు వరకు లెక్కపెట్టింది, తమ్ముడి మీద ఫిర్యాదు చేసింది. ఆ పాపకు ఉన్న ఒకే ఒక సమస్య, ఎడమ చెవిలో ఏళ్ల తరబడి చీము. కుడి చెవి కూడా అంతంత మాత్రమే. తెలుగు రాకపోవడం వైకల్యం కాదు. తెలివి పరీక్ష ఏదైనా పిల్ల ఇంటి భాష తెలిసిన మనిషి పక్కన లేకుండా చేయించకండి. అలా చేసిన పరీక్ష ఫలితం మీద సంతకం పెట్టొద్దని డాక్టర్‌ను మర్యాదగా అడగండి.

చెవిలో చీము కారుతుంటే నూనె, ఆకు పసరు పోయకూడదు. శుభ్రమైన మెత్తటి గుడ్డను వత్తిలా చేసి చెవిని పొడిగా ఉంచాలి, వాగులో మునగనివ్వకూడదు, డాక్టర్ రాసిన చుక్కలు వేయాలి. కొంతమందికి ఇంతటితోనే వినికిడి కొంత తిరిగొస్తుంది. వినికిడి మిషన్ అవసరమైతే అది ఇప్పించేరోజే బ్యాటరీలు ఎవరు తెస్తారు, ఎవరు మారుస్తారు అన్నది తేల్చుకోండి. బ్యాటరీ అయిపోయిన మిషన్లు తడికలో దోపి ఉండటం నేను చూస్తూనే ఉన్నాను. అప్పటిదాకా పాపను క్లాసులో ముందు వరుసలో, మీ ముఖం కనబడేలా కూర్చోబెట్టండి. సైగలు వాడుతుంటే ఆపకండి. మాట రాదేమోనని సైగలు మాన్పించేవాళ్లున్నారు. దానివల్ల పిల్లకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

ఇక కాగితాలు. ఇది వినడానికి చప్పగా ఉంటుంది గానీ, ఈ పిల్లల విషయంలో సగం పని ఇదే. నా అనుభవంలో మందు దొరక్క ఆగిపోయిన పిల్లల కంటే కాగితం లేక ఆగిపోయిన పిల్లలే ఎక్కువ.

ఇంటి కాన్పు, పుట్టిన తేదీ రాసుకోరు, బర్త్ సర్టిఫికెట్ ఉండదు. అది లేక ఆధార్ రాదు, ఆధార్ లేక యూడీఐడీ (వైకల్య గుర్తింపు కార్డు) ముందుకు కదలదు, అది లేక పింఛను లేదు. ఈ గొలుసును మొదటి కొస నుంచే పట్టుకోవాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే ఆధారం అయింది, కాబట్టి గుంపులో కొత్తగా పుట్టిన ప్రతి బిడ్డనూ 21 రోజుల్లోపు ఆశా, ఏఎన్ఎం ద్వారా నమోదు చేయించండి. ఆ గడువులో చేస్తే ఖర్చు లేదు. ఏడాది దాటితే ఆర్డీవో స్థాయి ఉత్తర్వు కావాల్సి వస్తుంది, అదొక తిరుగుడు.

ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటి. గొత్తికోయలను ఇక్కడి ఎస్టీలుగా గుర్తించడం లేదు, కుల సర్టిఫికెట్ ఇవ్వరు. దాంతో "వీళ్లకు ఏదీ రాదు" అని చాలామంది ఉద్యోగులు కూడా నమ్ముతారు. వైకల్య సర్టిఫికెట్‌కు కులంతో సంబంధం లేదు. స్కూలు అడ్మిషన్‌కూ లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదని ఏ పిల్లనూ వెనక్కి పంపకూడదు, టీసీ లేదనీ పంపకూడదు. పిల్లలకు ఆధార్ నంబరు లేదన్న కారణంతో ఏ పథకాన్నీ నిరాకరించకూడదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులోనే చెప్పింది. అంగన్‌వాడీలో గుడ్డు, బాలామృతం ఇవ్వనంటే ఈ మాట గుర్తుచేయండి. గొడవపడొద్దు, సూపర్‌వైజర్‌కు కాగితం మీద రాసివ్వండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో 8వ సెక్షన్ సాయుధ ఘర్షణల్లో, విపత్తుల్లో వైకల్యం ఉన్నవాళ్లకు సమాన రక్షణ ఉండాలంటుంది. 31వ సెక్షన్ 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఇస్తుంది. ఈ రెండు సెక్షన్ల నంబర్లు అర్జీలో రాయండి. సోమవారం భద్రాచలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) గిరిజన దర్బార్‌లోనో కలెక్టరేట్ ప్రజావాణిలోనో ఇచ్చి రసీదు తీసుకోండి. ఊరికే "సాయం చేయండి సార్" అన్న అర్జీకీ, సెక్షన్ రాసిన అర్జీకీ వచ్చే జవాబులో తేడా ఉంటుంది.

వైకల్య సర్టిఫికెట్ కోసం శిబిరానికి ఒక పిల్లను తీసుకెళ్లడం మాటలు కాదు. వాగు దాటించి, ఆటో పట్టుకుని, లైన్లో నిలబెట్టి, చివరికి "ఈరోజు చెవి డాక్టర్ రాలేదు" అనిపించుకుని తిరిగి రావడం ఆ తల్లి ఒక్కసారి భరిస్తుంది, రెండోసారి రాదు. కాబట్టి ముందురోజే ఫోన్ చేసి ఏ డాక్టర్లు వస్తున్నారో కనుక్కోండి. తెలుగు, కోయ రెండూ వచ్చిన మనిషిని వెంట పెట్టుకోండి. మీ స్నేహితుల డబ్బు ఖర్చుపెట్టాల్సింది ఇక్కడే. చిన్న పిల్లలకు తరచూ గడువున్న సర్టిఫికెట్ ఇస్తారు, ఆ తేదీ మీ డైరీలో రాసుకోండి. సర్టిఫికెట్ వచ్చాక పింఛనుకు పెట్టండి, పిల్లలకు పింఛను రాదనుకోవడం తప్పు. తెలంగాణలో వైకల్య పింఛను 4,016 రూపాయలు, ఆంధ్ర వైపు 2024 నుంచి 6,000. మంచానికే పరిమితమైన వాళ్లకు ఆంధ్రలో 15,000. ఇలాంటి ఇంటికి ఆ డబ్బు ఎంత పెద్దదో మీకు చెప్పక్కర్లేదు.

కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టించి, ఇంకో సెట్ జిరాక్స్ మీ స్కూలు బీరువాలో ఉంచండి. గుడిసెలు కాలిపోతాయి, ఖాళీ చేయిస్తారు, రాత్రికి రాత్రి వేరేచోటికి వెళ్లిపోతారు. కొత్తచోట అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం రాకూడదు.

మీ శాఖలోనే మీకు అండగా ఉన్నవాళ్లున్నారు. మండల కేంద్రంలోని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) ఐఈఆర్‌పీని, అంటే అక్కడి ప్రత్యేక టీచర్‌ను, కలవండి. బడికి రాలేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పడం వాళ్ల పనిలో భాగం. రవాణా, తోడు వచ్చేవాళ్ల భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలు స్టైపెండ్ సమగ్ర శిక్షలో ఉన్నాయి. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, స్కూళ్లకు ఒకసారి రావాలి. వాళ్లు వచ్చే రోజు గుంపు పిల్లలను కూడా మీ స్కూలుకు రప్పించండి, జిల్లా స్థాయిలోని సత్వర చికిత్స కేంద్రానికి రాయించుకోండి. బుద్ధి ఎదుగుదల సమస్య నిజంగానే ఉందనిపిస్తే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థకు అప్పుడు వెళ్లొచ్చు, తారీకు తీసుకుని, సరైన మనిషిని వెంటబెట్టుకుని. హైదరాబాద్ ప్రయాణం మొదటి మెట్టు కాకూడదని మాత్రమే నా మాట.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. ఆ నడవలేని బాబుకు అక్క ఉందా చూడండి. దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది, ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. తల్లిదండ్రులు కూలికి వెళ్తే తమ్ముడిని చూసుకునేది ఆ పిల్లే. మీ హాజరు పట్టీలో గైర్హాజరు అని పడుతున్నది ఆ పేరే కావచ్చు. తమ్ముడిని కూడా బడికి తెచ్చుకోనిస్తే ఇద్దరూ వస్తారు. మూల కుర్చీ ఒకటి క్లాసులో ఉంచితే చాలు. మిగతా పిల్లలు రెండు రోజులు వింతగా చూస్తారు, మూడోరోజు ఆటలో కలుపుకుంటారు. పెద్దవాళ్లకు పట్టే టైం వాళ్లకు పట్టదు.

ఇంట్లో ఒంటరిగా ఉండిపోయే వైకల్యం ఉన్న ఆడపిల్లల భద్రత గురించి కూడా తల్లులతో విడిగా, మెల్లగా మాట్లాడండి. ఏదైనా జరిగితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పొచ్చని, పరువు పేరుతో దాచొద్దని చెప్పండి. అనుమానం వస్తే గుంపులో పంచాయితీకి వదిలేయకండి.

ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టి విరాళాలు అడుగుదామని రాశారు. దయచేసి వద్దు. పిల్లల ముఖాలు, గుంపు పేరు, వాళ్లున్న చోటు బయటపెడితే ఈ ప్రాంతంలో దాని ఫలితం మనం ఊహించలేం. దాతలకు ఖర్చుల లెక్క చూపించండి, పిల్లల ముఖాలు కాదు.

వానలు పడేలోపు, అంటే మే నెలాఖరులోగా, ఈ పనులు మాత్రం పూర్తిచేయండి. వాగు పొంగితే అటువైపు 108 రాదు, మీరూ వెళ్లలేరు. ఫిట్స్ మందు కనీసం రెండు నెలలకు సరిపడా ఆ ఇంట్లో ఉండాలి, ఇంకో సీసా గుంపులో నమ్మకమైన మనిషి దగ్గర. నిమ్ము లక్షణాలు, అంటే ఊపిరి వేగంగా తీయడం, ఛాతీ కింద డొక్కలు లోపలికి పీల్చుకుపోవడం, పాలు తాగలేకపోవడం, ఇద్దరు ముగ్గురు తల్లులకు గుర్తుపట్టడం నేర్పండి. దోమతెరలు అందాయో లేదో ఏఎన్ఎంను అడగండి. రాత్రిపూట వాగు దాటించాల్సి వస్తే డోలీ మోసేది ఎవరు, అవతల ఒడ్డున ఆటో ఎవరిది, ఆ ఫోన్ నంబరు ఏమిటి, ఇవి ముందే మాట్లాడి గుంపు పెద్ద ఇంటి తడిక మీద పెద్ద అంకెలతో రాయించి పెట్టండి.